అసిరమ్మ దెబ్బ

అనగనగా, మన తాతలకి తాతలు కూడా పుట్టని రోజుల్లో, ఒక ఊరు. ఊరంతా మంచివాళ్లే. ఆ మంచితనంతోనే వచ్చింది చిక్కంతా.

ఆ ఊళ్లో అసిరమ్మ అని ఒక కూలి మనిషి. వరి కోతలన్నాక కొడవలి గాటు పడని ఒళ్లు ఉండదు కదా. ఎవరికి తెగినా అసిరమ్మే పరుగెత్తుకొచ్చేది. గుడ్డ మడిచి గాయం మీద పెట్టేది. "అదుము. విప్పకు. చూడకు" అనేది. మూడే మాటలు. ఆ మూడు మాటలు వినడానికి ఏం రోగమో ఆ జనానికి!

ఒకసారి అప్పలసూరికి పిక్క తెగింది. అసిరమ్మ అదిమింది. ఆగిందో లేదో చూద్దామని వాడు గుడ్డ ఎత్తాడు. బొళబొళా మళ్లీ కారింది. మళ్లీ అదిమింది, మళ్లీ ఎత్తాడు. మూడోసారి ఎత్తబోతే చేతి మీద ఫెడీమని ఒక్కటిచ్చింది.

"ఎముక, కండ ఎలాగో నెత్తురూ నీ ఒంట్లో అలాంటిదేరా. అవి ఉన్నచోట ఉంటాయి, ఇది తిరుగుతుంది, అంతే తేడా. తెగినచోటికి అదే వచ్చి, గడ్డకట్టి, అతుకు వేసుకుంటుంది. నువ్వు ఎత్తి చూస్తే ఆ అతుకు ఊడొస్తుంది. దాని పని దాన్ని చేసుకోనీ" అంది.

వాడు బతికాడు. ఇక ఇప్పుడు వినండి, నాకు చెప్తుంటేనే ఒళ్లు మండుతుంది.

ఒకనాడు అసిరమ్మకే తొడ తెగింది. లోతుగా తెగింది. తనే గుడ్డ అదుముకుని ఇంట్లో పడుకుంది. ఊరు ఊరంతా పలకరించడానికి బయల్దేరింది. దెబ్బని కళ్లారా చూడకుండా వెళ్తే పలకరించినట్టు కాదట, అదీ ఆ ఊరి మర్యాద! వదిన వచ్చింది, గుడ్డ ఎత్తింది, ఏడ్చింది. అసిరమ్మ ఆమె చేతి మీద ఒక్కటేసింది. ఊరిపెద్ద వచ్చాడు, ఎత్తాడు, అయ్యో అన్నాడు. ఆయనకీ వేసింది, మెల్లగా. మూడోవాడు అప్పలసూరి. వాడూ ఎత్తాడు. ఈసారి అసిరమ్మ చెయ్యి లేవలేదు.

"నీకు చెప్పాను కదరా" అంది.

పొద్దు వాలేలోపు పోయింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరికి గాయమైనా, చూడ్డానికి వచ్చినవాళ్లు గడప దగ్గర ఆగి చెయ్యి చాపుతారు. ఇంటివాళ్లు దాని మీద ఒక్కటి వేసి లోపలికి పంపుతారు. దాన్ని అసిరమ్మ దెబ్బ అంటారు. ఊరిపెద్దకైనా తప్పదు. అది తిని కూడా గుడ్డ ఎత్తబోయేవాళ్లు ఉన్నారు, ఏం చెయ్యమంటారు చెప్పండి.

అప్పలసూరి మాత్రం బతికున్నన్నాళ్లూ రెండు చేతులూ చాపేవాడట. గట్టిగా వెయ్యమనేవాడట.