పేరు పెట్టని మలుపు

నెమలికొండ దిగువన జీడిపాలెం అనే ఊళ్ళో వరహాలమ్మ అనే పెద్దావిడ ఉండేది. ఆవిడకు తెలియని కొండదారి లేదు గానీ, "నాకు తెలియదు" అనే మాట మాత్రం ఆవిడ నోట ఎన్నడూ వచ్చేది కాదు.

చిన్నతనం నుంచి అడ్డాకుల కోసం కొండెక్కి దిగిన మనిషి. ఆ ఆకులతో విస్తళ్ళు కుట్టి పిల్లల్ని పెంచింది. అరవై దాటాక ఆకుల పని మానేసింది గానీ, కాళ్ళు ఊరుకోలేదు. ఆ రోజుల్లోనే ఊళ్ళో సగం మందికి చక్కెర జబ్బు పట్టుకుంది. నడవమని డాక్టరు చెప్పాడు. రోడ్డు మీద నడుద్దామంటే లారీలు. అప్పుడు వరహాలమ్మ, "కొండ పెట్టుకుని రోడ్డెందుకర్రా? నా వెనకాల రండి" అంది. అలా మొదలైంది జీడిపాలెం వాళ్ళ ఆదివారం నడక.

మొత్తం పదకొండు మంది. అందరికన్నా ముందు వరహాలమ్మ, చేతిలో వెదురుకర్ర. అందరికన్నా వెనక సింహాద్రి మాస్టారు, మెడలో ఈల. బళ్ళో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. వరహాలమ్మను ఆ వైపు అలవాటు ప్రకారం "అప్పా" అని, అంటే అక్కా అని, పిలిచేవాడు. మధ్యలో టిఫిను కొట్టు తవిటమ్మ, టైలరు గౌరునాయుడు, తక్కినవాళ్ళు.

ఆ గుంపుకు ఒక ఆచారం ఉండేది. కొండ మీద ఎవరి పరువు ఎక్కడ పోతే, ఆ చోటికి వాళ్ళ పేరు పెట్టేవాళ్ళు. కాబట్టి వాళ్ళ దారిలో 'మాస్టారి టోపీ కొట్టుకుపోయిన వాగు' ఉండేది. 'తవిటమ్మ కూలబడ్డ బండ' ఉండేది. 'గౌరునాయుడు పంచె చిరిగిన రేగుకంప' కూడా ఉండేది. ఆ పేర్లు వరసగా చెప్పుకుంటూ పోతే అదే దారి. వరసంతా తెలిసింది మాత్రం వరహాలమ్మకే. ఎవరైనా నేర్పమంటే, "నేను ముందుండగా మీకెందుకు? నా వీపు చూసుకుని రండి, చాలు" అనేది.

ఆవిడ పేరు మీద మాత్రం ఒక్క చోటూ లేదు. "నేనెక్కడ పడ్డానే?" అనేది దర్జాగా. ఆ మాట అన్నప్పుడల్లా తవిటమ్మ గొంతు సవరించుకుని ఊరుకునేది.

ఇలా ఉండగా వరహాలమ్మకు మరుపు మొదలైంది. మొదట పొయ్యి మీది పాలు మరిచింది. తర్వాత మనవరాలిని కూతురి పేరుతో పిలిచింది. ఒకరోజు తవిటమ్మ కొట్టు ముందు నిలబడి, ఎందుకొచ్చిందో ఎంతకీ గుర్తు రాక, "నిన్ను చూసిపోదామని వచ్చానే" అంది. తవిటమ్మ మురిసిపోయి గారె పెట్టింది. గారె తింటుంటే వరహాలమ్మకు లోపల దడ.

ఆ దడకు కారణం ఉంది. వాళ్ళ వీధిలోనే అప్పలస్వామి అనే ముసలాయన ఉండేవాడు. ఒకప్పుడు సంతకు పది మైళ్ళు నడిచి వెళ్ళి, నడిచి వచ్చేవాడు. ఆయనకు మరుపొచ్చిందని తెలిసిన రోజే ఇంట్లోవాళ్ళు ఎంతో ప్రేమగా అరుగు మీద కూర్చోబెట్టారు. "నీకెందుకు తాతా శ్రమ" అన్నారు. చేతికర్ర తీసి అటక మీద పెట్టారు. మళ్ళీ ఆయన వీధి చివర దాటలేదు. వరహాలమ్మ రోజూ ఆ అరుగు ముందునుంచే వెళ్ళేది. అటు చూడకుండా వెళ్ళేది. తన మరుపు సంగతి బయటపడితే తన కర్ర కూడా అటకెక్కుతుందని ఆవిడ భయం. అందుకే ఎవరికీ చెప్పలేదు.

కార్తీకమాసం వచ్చింది. కొండకు అవతల బంటువలస అనే ఊరుంది. అక్కడా ఒక నడక గుంపుంది. దాని పెద్ద చిన్నంనాయుడు కబురు పెట్టాడు. "ఆదివారం మా పనసతోటలో వనభోజనం. పొద్దు నడినెత్తికి రాకముందే మీరు కొండ దాటి వస్తే మేమే వండి వడ్డిస్తాం. లేదంటే వంట మీది, గిన్నెలు తోమడం మీది. ఆటో ఎక్కి వస్తే మాత్రం మేం ఒప్పుకోం."

"వాళ్ళ గిన్నెలు మనం తోమడమా?" అన్నాడు గౌరునాయుడు. అందరికీ పౌరుషం వచ్చింది.

ఆదివారం తెల్లవారకముందే లేచి వరహాలమ్మ ఇంట్లో దారి వల్లించుకుంది. మాస్టారి టోపీ కొట్టుకుపోయిన వాగు. ఆ తర్వాత... ఆ తర్వాత ఏదో ఉంది. తవిటమ్మ కూలబడ్డ బండ గుర్తుంది, రేగుకంప గుర్తుంది, దాని పైన కొండ దాటించే కనుమ గుర్తుంది. వాగుకూ బండకూ మధ్య మాత్రం ఏమీ లేదు, పన్ను ఊడిన చోటులాగా. మూడుసార్లు మొదటినుంచి చెప్పుకుంది. మూడుసార్లూ అక్కడే ఆగింది. 'అక్కడికి వెళ్తే కాళ్ళకే తెలుస్తుందిలే' అనుకుని కర్ర అందుకుంది.

బయలుదేరేముందు మాస్టారు, "అప్పా, ఇవాళ దూరం ఎక్కువ. ఒక్కసారి దారి చెప్పేస్తే అందరం విని ఉంచుకుంటాం" అన్నాడు.

చెప్పడానికి అదే మంచి సమయం. కానీ వరహాలమ్మ కర్ర నేలకు తాటించి, "నేను చచ్చాక చెప్పుకోండి దారులు. పదండి" అంది.

వాగు దాటారు. అవతల దారి మూడుగా చీలింది. వరహాలమ్మ కాళ్ళు ఆగాయి. కాళ్ళకూ ఏమీ తెలియలేదు. వెనక పది మంది నిలబడి ఉన్నారు. తవిటమ్మ ఏదో అనబోయి, కర్ర వైపు చూసి నోరు మూసుకుంది. వరహాలమ్మ మెడ నిక్కించి ఎడమ దారి పట్టింది. తెలియనివాళ్ళు నడిచినట్టు కాదు, రాజమార్గం మీద నడిచినట్టు నడిచింది.

అరగంటకు ఆ దారి ఒక ముళ్ళపొదలో ముగిసింది. పక్కన కాయలతో వంగిపోయిన ఉసిరిచెట్టు ఉంది.

"దారి అయిపోయిందేటి పెద్దమ్మా?" అన్నాడు గౌరునాయుడు.

"కార్తీకంలో ఉసిరి తినాలని కావాలనే తెచ్చానురా. తినండి" అంది వరహాలమ్మ.

పాపం, అందరూ నమ్మారు. తలా పిడికెడు ఉసిరికాయలు తిని గింజలు ఉమ్మారు. ఆవిడ ముళ్ళపొద చుట్టి మరో బాట పట్టింది. ఎక్కారు, దిగారు, మళ్ళీ ఎక్కారు. మరో గంట గడిచింది. ఒకచోట గౌరునాయుడు వంగి నేల మీదనుంచి ఏదో తీశాడు. ఉసిరిగింజ. ఇంకా తడి ఆరలేదు.

"ఇది ఎవరో ఇప్పుడే తిన్నారు" అన్నాడు. తలెత్తి చెట్టు చూశాడు. "మనమే."

ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అప్పుడే తవిటమ్మ కిందికి జారి కూర్చుంది. నుదుటినిండా చెమట, చేతులు వణుకుతున్నాయి. పొద్దున చక్కెర జబ్బు మాత్ర వేసుకుని, బంటువలసలో తినొచ్చులే అని బయలుదేరిన మనిషి. ఉసిరికాయలు తప్ప కడుపులో ఏమీ లేదు. మాస్టారు జేబులోంచి బెల్లంముక్క తీసి ఆమె నోట్లో పెట్టాడు.

"ఏం కాదులే మాస్టారూ" అంది తవిటమ్మ వణుకుతూనే. "వరహాలమ్మత్తకు దారి తెలుసు. ఎంత, ఇంకో పావుగంట."

ఆ మాట వరహాలమ్మ గుండెలో ముల్లులా దిగింది. అరుగు మీద అప్పలస్వామి కళ్ళముందు కనిపించాడు. అటకెక్కిన కర్ర కనిపించింది. ఇక్కడ వణుకుతున్న ఈ చేతులూ కనిపించాయి. ఆవిడ కర్ర తెచ్చి తవిటమ్మ పక్కన నేల మీద పెట్టింది.

"నాకు దారి తెలియదే" అంది. "వాగు దగ్గరే మరిచిపోయాను. కావాలని తెచ్చానన్నది అబద్ధం. ఈమధ్య చాలా మరిచిపోతున్నాను. ఆవేళ నీ కొట్టుకు ఎందుకొచ్చానో కూడా నాకు గుర్తు లేదు. నిన్ను చూద్దామని మాత్రం కాదు."

కిందినుంచి వాగు చప్పుడు వినిపిస్తోంది.

"అయితే ఆ గారె ఊరికే పోయింది" అంది తవిటమ్మ. బెల్లం పనిచేస్తున్నట్టుంది, మొహంలోకి కళ వచ్చింది.

"అది సరే, ఇంతసేపూ మేం ఎవరి వీపు చూసి నడిచినట్టు?" అన్నాడు గౌరునాయుడు.

మాస్టారు వాళ్ళను ఆగమని చెయ్యెత్తాడు. "అప్పా, నీకు గుర్తున్నంతవరకు పైకి చెప్పు" అన్నాడు.

వరహాలమ్మ చెప్పింది. వాగు. ఆ తర్వాత ఖాళీ. ఆ తర్వాత బండ.

తవిటమ్మ గొంతు సవరించుకుంది. ఈసారి ఊరుకోలేదు. "వాగు దాటాక నువ్వు పడ్డ మలుపు ఉందత్తా. మూడు దారుల్లో కుడిపక్కది. నేరేడుచెట్టు కింద ఎప్పుడూ చెమ్మే. రెండేళ్ళ కిందట నువ్వక్కడ జారి నడుం దాకా బురదలో కూర్చున్నావు. పేరు పెడదామంటే కర్రెత్తి, 'నా పేరు పెడితే మళ్ళీ మీ మొహాలు చూడను' అన్నావు. ఇందాక చెప్పబోయాను. మళ్ళీ కర్రెత్తుతావేమోనని మానుకున్నాను."

వరహాలమ్మ వరసంతా మరోసారి వేళ్ళ మీద లెక్కపెట్టుకుని తవిటమ్మ వైపు చూసింది. దారిలో ప్రతి చోటుకూ పేరుంది. ఆ పేరే ఆవిడకు గుర్తు. పేరు పెట్టనివ్వని చోటు ఒక్కటే ఉంది. మరుపు సరిగ్గా దాన్నే ఎత్తుకుపోయింది.

"మరి అలా చూస్తావేం? లేవండి" అంది తవిటమ్మ, తానే ముందు లేచి. "పొద్దు మనకోసం ఆగదు."

వరహాలమ్మ నేల మీది కర్ర తీసి ఆమెకు ఇవ్వబోయింది. తవిటమ్మ తీసుకోలేదు. "కర్ర నీ చేతిలోనే ఉండనీ. దారి మేం చెబుతాం."

వాగు చప్పుడు పట్టుకుని వెనక్కి వచ్చారు. నేరేడుచెట్టు కింద చెమ్మ అలాగే ఉంది. ఈసారి అందరూ చేతులు పట్టుకుని దాటారు. అక్కడినుంచి బండ మీదుగా రేగుకంప దాకా తవిటమ్మ చెప్పింది. "మీరంతా నన్ను లేపకుండా నవ్వుకుంటూ వెళ్ళిన వైపు నేను మరుస్తానా? అదిగో, ఆ తేనెపట్టు రాయి కిందినుంచే." రేగుకంప దగ్గర గౌరునాయుడు అందుకున్నాడు. పంచె వెనక చిరిగిన రోజు సిగ్గుపడి కనుమ దాకా వెనక్కి వెనక్కి నడిచాడట. కాబట్టి ఆ దారి అతనికి తిరగేసి వచ్చు. ఇప్పుడూ వెనక్కి తిరిగి నడుస్తూ, "ఈ చెట్టు ఇలాగే కనిపించింది, ఈ పుట్ట ఇలాగే కనిపించింది" అంటూ తీసుకెళ్ళాడు. ఎవరి పరువు పోయిన చోటు వాళ్ళకు అంత బాగా గుర్తుంది. కనుమ ఎక్కేసరికి కింద పనసతోట కనిపించింది. మాస్టారు గట్టిగా ఈల వేశాడు. పదకొండు మందీ ఒక్క ఊపున కొండ దిగారు.

తోటలో చిన్నంనాయుడు మనుషులు తీరుబడిగా చాపల మీద కూర్చుని ఉన్నారు. పొయ్యి కూడా రాజెయ్యలేదు.

"ఆటో ఎక్కడ ఆపారు?" అన్నాడు చిన్నంనాయుడు.

తవిటమ్మ చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి బురద కాళ్ళు చూపించింది. మాస్టారు వరహాలమ్మను కర్ర అడిగి తీసుకుని, నేలలో నిటారుగా గుచ్చాడు. అందరూ చుట్టూ మూగారు. కర్ర నీడ ఇంకా పడమటి వైపే వాలి ఉంది. చిన్నంనాయుడు వంగి చూశాడు, ఇటు తిరిగి చూశాడు, అటు తిరిగి చూశాడు. చివరకు కండువా నడుముకు చుట్టి, "ఒరే, బియ్యం కడగండి" అన్నాడు.

ఆ రోజు బంటువలసవాళ్ళు వడ్డించిన పులిహోర, పనసపొట్టు కూర జీడిపాలెం వాళ్ళు మారు అడిగి మరీ తిన్నారు. తవిటమ్మకు అందరికన్నా ముందు విస్తరి వేశారు. తింటుండగా చిన్నంనాయుడు, "ఇంత పొడుగు దారి ఎలా గుర్తుపెట్టుకున్నావు వరహాలమ్మా?" అని అడిగాడు.

"నేనెక్కడ గుర్తుపెట్టుకున్నాను నాయనా?" అంది ఆవిడ. ఉసిరిచెట్టు సంగతి, బురద సంగతి, అబద్ధం సంగతి రెండు ఊళ్ళవాళ్ళ ముందూ పూసగుచ్చినట్టు చెప్పింది. నవ్వి నవ్వి గౌరునాయుడికి పొలమారింది. ఆ నవ్వు ఆగకముందే ఆవిడ లేచి నిలబడి, తన చోటుకు తానే పేరు పెట్టుకుంది: 'వరహాలమ్మ పడి బుకాయించిన మలుపు'.

తర్వాతి ఆదివారం నుంచి నడక కొత్త పద్ధతిలో మొదలైంది. బయలుదేరేముందు పదకొండు మందీ దారి పైకి వల్లించేవాళ్ళు. ఒకరు ఆగితే ఇంకొకరు అందించేవాళ్ళు. ముందు మాత్రం వరహాలమ్మే నడిచేది, కర్ర పట్టుకుని. తెలియని చోట ఆగి, వెనక్కి తిరిగి, "ఇప్పుడెటే?" అని దర్జాగా అడిగేది.

మొదటిరోజు అలా వల్లించడం అయ్యాక ఆవిడ నేరుగా కొండకు పోలేదు. అప్పలస్వామి అరుగు దగ్గర ఆగింది. ఈసారి అటు చూసింది.

"లే బావా" అంది.

"నాకు దారి గుర్తుండదే" అన్నాడాయన.

"నాకూ ఉండదు. వీళ్ళకుంది. లే."

ఇంట్లోవాళ్ళు తటపటాయించి, మాస్టారు ఆయన చెయ్యి పట్టుకోవడం చూసి, అటక మీది కర్ర దించి ఇచ్చారు. ఆ రోజు అప్పలస్వామి వాగు దాకా నడిచాడు. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే, ఈ వాగులో తాను ఎద్దును పోగొట్టుకుని ఏడ్చిన చోటేదో చూపించాడు. వెంటనే దానికీ ఒక పేరు పెట్టారు.

నీతి: మరుపు ఎవరికైనా వస్తుంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మరిచానని ఒప్పుకున్నవారికి పదిమంది జ్ఞాపకం తోడు వస్తుంది. దాచుకున్నవారు తామూ దారి తప్పుతారు, తమను నమ్మినవారినీ తప్పిస్తారు.