పదకొండు మాటలకు ఒకటే అర్థం

"ఒక్క నొప్పికి ఇన్ని మాటలు ఎందుకు మేడమ్?" అని కెజియా అడిగింది.

అడిగింది ప్రకాశమ్మ గారిని. ఆవిడ నర్సింగు స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ చిన్న పట్నంలో, విదేశాల్లో ఉద్యోగం కోసం ఇంగ్లీషు పరీక్ష రాసే నర్సులు సాయంత్రం డ్యూటీ దిగి ఆవిడ ఇంటికి వచ్చి చదువుకునేవారు. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. కళ్ళజోడు తీసి, పమిట చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకునేవారు. చాలాసార్లు అంతటితోనే సరి.

కెజియా అప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పింది. రోజుకి ఇరవై పెద్ద పెద్ద మాటలు నోట్సులో ఎక్కించి బట్టీపట్టేది. నాలుగు రోజులయ్యేసరికి అందులో నాలుగైనా మిగిలేవి కావు. తన బుర్రే ఇంత అనుకుని, ఈసారి ఫీజు కట్టడం మానేద్దామని నిశ్చయించుకునే ఆ సాయంత్రం వచ్చింది. పెయిన్ అంటే లోకంలో అందరికీ తెలుస్తుంది గదా, మిగతావన్నీ మనల్ని ఫెయిలు చెయ్యడానికి పెట్టినవే గదా అన్నది ఆమె వాదన.

ప్రకాశమ్మ గారు నోట్సు అడిగి తీసుకున్నారు. ఒక పేజీలో వరసగా పదకొండు మాటలున్నాయి. త్రాబింగ్, స్టాబింగ్, స్టింగింగ్, నాయింగ్, ఎక్స్‌క్రూషియేటింగ్, ఇంకా అలాంటివే. ఎదురుగా అర్థాలు కూడా రాసి ఉన్నాయి. ఒక రకమైన నొప్పి. తీవ్రమైన నొప్పి. మరొక రకమైన నొప్పి. ఆవిడ పేజీ అంతా చదివి నోట్సు మూసి ఇచ్చేశారు. రేపు బీపీ చూపించుకోవడానికి మీ ఆసుపత్రికే వస్తున్నాను అని మాత్రం అన్నారు.

మర్నాడు పొద్దున్న ఓపీలో జనం గుమ్మం దాకా ఉన్నారు. డ్యూటీ డాక్టరుది బీహారు. వచ్చి రెండు నెలలే కావడంతో తెలుగు రాదు. రోగులు చెప్పింది కెజియా ఇంగ్లీషులో చెబితే ఆయన మందులు రాసేవాడు. ప్రకాశమ్మ గారు బీపీ చూపించుకున్నాక కూడా ఇంటికి వెళ్ళకుండా గోడ పక్క బల్ల మీద కూర్చున్నారు.

పది గంటల వేళ నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఆమెది. అయిదు రోజుల కిందట రొయ్య ముల్లు చూపుడువేలి కొసలో దిగింది. మొన్న ఒకసారి వచ్చి చూపించుకుంది. అప్పుడు వాపు పెద్దగా లేదు. వేలు నొప్పి అని కెజియా చెప్పింది, డాక్టరు మాత్రలు రాశాడు. ఇప్పుడు ఆ చేతిని భుజం మీదికి ఎత్తి, రెండో చేత్తో పట్టుకుని నిలబడింది.

ఇంకా నొప్పి తగ్గలేదా, మాత్రలు సరిగ్గా వేసుకున్నావా అని కెజియా చీటీ రాస్తూనే అడిగింది.

"నొప్పయితే ఓర్చుకుందునమ్మా. ఇది సలుపు" అంది నూకరత్నం. "గుండెకాయ ఈ వేల్లో పెట్టినట్టు కొట్టుకుంటోంది. చెయ్యి కిందికి దించితే ప్రాణం పోతోంది. కన్ను మూసి మూడు రాత్రులైంది. మొన్నా సలుపనే చెప్పాను."

కెజియా కలం ఆగింది. మొన్న ఆమె చెప్పిన మాట నిజంగా అదే. తను డాక్టరుకి చేరవేసింది మాత్రం పెయిన్ అన్న ఒక్క ముక్క. తలెత్తి బల్ల వైపు చూసింది. ప్రకాశమ్మ గారు ఆమెనే చూస్తున్నారు.

కెజియా లేచి డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఇది త్రాబింగ్ పెయిన్ సార్ అని చెప్పింది. మూడు రాత్రులుగా నిద్ర లేదనీ, చెయ్యి దించితే ఎక్కువవుతోందనీ కూడా చెప్పింది. రాస్తున్న డాక్టరు చటుక్కున ఆగి నూకరత్నాన్ని పిలిచి పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. మూత పెట్టిన పెన్నుతో వేలి కొసని మెల్లగా అక్కడక్కడా నొక్కాడు. ఒక చోట ఆమె కుర్చీలోంచి లేచినంత పని చేసింది. లోపల చీము పట్టి బిగిసిపోయిందనీ, ఇంకా ఆలస్యమైతే ఎముక దాకా వెళ్తుందనీ, అప్పుడు వేలి కొస దక్కదనీ ఆయన అంటే కెజియా తెలుగులో చెప్పింది. ఆ వేలు లేకపోతే షెడ్డులోకి తనను ఎవరూ రానివ్వరని నూకరత్నానికి ఒకరు చెప్పనక్కర్లేదు.

వేలికి మత్తు సూది ఇచ్చి చీము తీశారు. కట్టు కట్టడం పూర్తవుతుండగానే నూకరత్నం కట్లు కట్టే కుర్చీలోనే గోడకి తల ఆనించి, నోరు కాస్త తెరిచి నిద్రపోయింది. ఆమెను లేపడానికి కెజియాకి మనసొప్పలేదు. ఆ కుర్చీని అలాగే వదిలేసి తర్వాత వచ్చినవాళ్ళని నిలబెట్టే కట్లు కట్టింది.

ఆ రోజు మిగతా ఓపీ కొంచెం నెమ్మదిగా నడిచింది. రిక్షా తొక్కే ముసలాయన కాళ్ళు పీకుతున్నాయన్నాడు. ఒక బాలింత కడుపులో మెలిపెడుతోందంది. ఇంకొకాయనకి నడుము దగ్గర్నుంచి మడమ దాకా నరం జివ్వుమంటోందట. డొక్కలో పోటన్నవాళ్ళూ, కంట్లో చురుక్కుమంటోందన్నవాళ్ళూ వచ్చారు. కెజియా ఒక్కొక్కరిని మళ్ళీ అడిగి, చెప్పిందాన్ని అలాగే విని, చీటీల వెనకాల రాసుకుంది. డాక్టరు కూడా సలుపు అన్న మాటని రెండుసార్లు పలికించుకుని, తన లిపిలో బల్ల మీద కాగితంపై రాసుకున్నాడు.

వారం తిరిగేసరికి పరీక్ష ఫీజు కట్టేసి, కెజియా మళ్ళీ ప్రకాశమ్మ గారింటికి వచ్చింది. నోట్సులో ఆ పేజీ తెరిచి ముందు పెట్టింది. పాత అర్థాలన్నీ కొట్టేసి ఉన్నాయి. తొమ్మిది మాటలకి ఎదురుగా కొత్త అర్థమూ, దాని పక్కనే చిన్న అక్షరాలతో ఒక మనిషి పేరూ ఉన్నాయి. ఇప్పుడు ఒక్కటీ మర్చిపోవడం లేదని చెప్పింది. రెండు మాటలకి మాత్రం ఎదురుగా ఖాళీయే. నిఘంటువులు నాలుగు తిరగేసినా తృప్తి కలగలేదట. వాటి అర్థం మీరైనా చెప్పండి మేడమ్ అని అడిగింది.

ప్రకాశమ్మ గారు కళ్ళజోడు తుడుచుకుని ఆ ఖాళీల వైపు చూశారు.

"ఆ నొప్పులు మోసుకుంటూ ఎవరో ఒకరు వస్తారులే" అన్నారు. "ఆ వేళ నువ్వు తొందరలో ఉండకు."