రెట్టమ్మ హాజరు

జీడితోట చివర ఒక మోటారు షెడ్డు, దానికి వెల్ల వెలిసిపోయిన గోడ ఒకటి. ఏడాదంతా ఆ గోడని పట్టించుకున్న నాథుడు లేడు. తొలకరి పడ్డ దగ్గర్నుంచీ మాత్రం దానికి మహర్దశ పట్టింది. సుభాషిణి టీచరు రోజూ సాయంత్రం వచ్చి గోడకి తెల్లదుప్పటి కట్టి, ముందు ఒక బల్బు వేలాడదీసి వెళ్తోంది. తెల్లారేసరికి కొండమీది శలభాలూ, తోటలోని పేడపురుగులూ, మిడతలూ, ఇంకా పేరూ ఊరూ తెలియని సవాలక్ష రెక్కల పురుగులూ ఆ దుప్పటి నిండా అతుక్కుని ఉంటాయి. టీచరు పొద్దున్నే వచ్చి ఒక్కొక్కదాన్నీ చూసి, పేరు పైకి చెప్పుకుంటూ పొడుగాటి నోటుబుక్కులో రాసుకుని, వేలిమీదికి ఎక్కించుకుని పొదలో వదులుతుంది. చంపదు, గుండుసూది గుచ్చదు. అందుకే పురుగులకి ఆవిడంటే మహా గురి.

గురి అంటే తక్కువ చెప్పినట్టే. ఆ పుస్తకంలో పేరెక్కితే వాటికి కొత్తగా రేషన్ కార్డు వచ్చినంత సంబరం. "నన్ను రెండుసార్లు రాసింది" అని మిడత కాలుమీద కాలేసుకుని కూర్చుంటుంది. "నాకు ఫొటో కూడా తీసింది" అని నువ్వులక్క అంటుంది. నువ్వుచేలో పుట్టి పెరిగిన బొద్దు శలభం అది, ఒళ్ళెంతో గొప్పలూ అంతే.

పేరెక్కనిదల్లా రెట్టమ్మ ఒక్కతే. చిన్న శలభం. తెల్లటి ఒంటిమీద నల్లటి మరక, అచ్చం పిట్ట రెట్ట. కాళ్ళు ముడుచుకు కూర్చుందంటే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. పైన కరెంటు తీగమీద గువ్వపిన్ని కాపురం ఉంటోంది కదా, ఆవిడ చలవ వల్ల దుప్పటిమీద రోజూ నాలుగైదు మరకలు పడతాయి. టీచరు వాటితోపాటు రెట్టమ్మని కూడా తడిగుడ్డతో తుడవబోయింది. ఒకసారి కాదు, వరసగా మూడు రోజులు. మూడుసార్లూ ఆఖరి క్షణంలో ఆవిడ కంటపడకుండా ఎగిరి ప్రాణాలు దక్కించుకుంది రెట్టమ్మ.

"నీ పేరు తుడుపుగుడ్డలో ఎక్కిందిలేవే" అంది నువ్వులక్క, నలుగురూ నవ్వేలాగా.

"అలా అనకక్కా. ఒక్కసారి రాస్తే చాలు నాకు" అంది రెట్టమ్మ. దానికి నిజంగానే ఏడుపొచ్చింది.

నాలుగో రోజు పొద్దున దానికి అంతకంటే పెద్ద బెంగ పట్టుకుంది. కడుపు నిండా గుడ్లున్నాయి. షెడ్డు వెనకున్న తంగేడు మొక్కమీద పెట్టాలి. దుప్పటి అంచున కూర్చుందేమో, తెల్లవారుజామున కురిసిన జల్లుకి దాని ఒక్కదాని రెక్కలే తడిసి ముద్దయిపోయాయి. ఎండపొడ తగిలి ఆరితేగానీ ఎగరలేదు. ఎండేమో ఇంకా జీడిచెట్ల అవతలే ఉంది.

అప్పుడు దిగాడు తొండమావ. మోటారు వెచ్చదనంలో పడుకుంటాడు కాబట్టి అందరికంటే ముందే ఒళ్ళు కాగి హుషారుగా ఉంటాడు. తల ఊపడం తొండలకి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎరగనివాళ్ళకి మాత్రం పెద్ద ఆఫీసరు 'సరే, చూద్దాం' అంటున్నట్టు ఉంటుంది. మావ ఆ సంగతి ఎప్పుడో కనిపెట్టాడు. దుప్పటిమీదికి దూకితే అందరూ ఒక్కసారిగా లేచిపోతారనీ కనిపెట్టాడు. అందుకని దూకలేదు. దుప్పటి అంచు మడత వెనక సర్దుకుని, తల మాత్రం బయటపెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఏమర్రా, అందరూ వచ్చారా? టీచరుగారికి ఇవాళ ఆలస్యమవుతుంది. ఈలోగా నన్ను హాజరు వెయ్యమన్నారు."

"మిమ్మల్నా?" అంది మిడత.

"మరి తల ఊపేవాణ్ణి నేనేగా ఉన్నది ఇక్కడ?" అంటూ నాలుగుసార్లు ఊపాడు. "పిలిచినవాళ్ళు 'ఉన్నానండీ' అని పలికి, ఈ మడత వెనక్కి వచ్చి వేలిముద్ర వెయ్యాలి. వేసినవాళ్ళ పేర్లే ఇవాళ పుస్తకంలోకి ఎక్కుతాయి. తరవాత నన్నని లాభం లేదు."

వేలిముద్ర అనేసరికి పురుగులకి నమ్మకం కుదిరింది. ముద్ర వేయించుకునేవాడు మోసగాడు ఎందుకవుతాడు?

"ఎండాకుబావా!" అని పిలిచాడు మావ.

ఎండిన జీడాకులా ఉండే శలభం అది. కదలకుండా ఉంటే తొండ కాదు, తొండ తాత కూడా పట్టలేడు. పాపం, "ఉన్నానండీ!" అని గొప్పగా పలికి, చకచకా నడుచుకుంటూ మడత వెనక్కి వెళ్ళాడు. లటుక్కుమని చిన్న చప్పుడయింది.

ఆ చప్పుడు విన్నదీ, జరిగింది చూసిందీ రెట్టమ్మ ఒక్కతే. మడత అంచున కూర్చున్నది అదే మరి.

"శభాష్, ఒకటి పూర్తయింది" అన్నాడు మావ మూతి తుడుచుకుంటూ. "నువ్వులక్కా! నీ వంతు తల్లీ."

"ఉన్నానండీ! ఫొటోలో మల్లే పక్కకి తిరిగి రావాలా?" అంటూ నువ్వులక్క బయల్దేరింది.

నోరు విప్పితే తను దొరికిపోతుంది. తనతోపాటు కడుపులో గుడ్లన్నీ పోతాయి. విప్పకపోతే నువ్వులక్క పోతుంది. వెక్కిరిస్తే వెక్కిరించింది, అయినా అక్కే కదా! రెట్టమ్మ చుట్టూ చూసింది. జానెడు దూరంలో గువ్వపిన్ని అప్పుడే వేసిన రెట్ట, ఇంకా తడి ఆరలేదు, మెల్లమెల్లగా కిందికి జారుతోంది. చప్పుడు కాకుండా పాకి, దాని వెనక నక్కి కూర్చుంది.

"మావయ్యా, నన్ను ముందు పిలవండి! మూడు రోజులనుంచీ నా పేరు ఎక్కట్లేదు" అంది.

మావ కళ్ళు మెరిశాయి. మూడు రోజులనుంచీ ఆయన కంటికీ ఆననిది అదే. "రెట్టమ్మా! ఏదీ, ఎక్కడున్నావే? ఇక్కడన్నీ ఒక్కలాగే ఉన్నాయే!"

"ఇక్కడే, తెల్లగా మెరుస్తున్నదాన్ని. తడిసిపోయాను మావయ్యా, నడవలేను. చూడండి, మీకోసం కొంచెం కిందికి జరుగుతున్నా..."

రెట్ట జారింది.

"దొరికావే!" అని మావ ఒక్క ఉదుటున దూకి నోటినిండా అందుకున్నాడు.

తరవాత ఆయన చేసిన చప్పుళ్ళు రాయడానికి తెలుగులో అక్షరాలు చాలవు. ఉమ్మాడు, దగ్గాడు, నాలిక దుప్పటికేసి రుద్దాడు, పట్టుతప్పి నేలమీద వెల్లకిలా పడ్డాడు. ఆ కంగారులో ఆయన నోట్లోంచి ఎండాకుబావ రెక్క ఒకటి బయటపడి గాలికి తిరిగింది. అది చూశాయి పురుగులన్నీ. "అమ్మో, తొండ చేసింది తొండి!" అని మిడత అరిచింది. రెప్పపాటులో దుప్పటి ఖాళీ అయింది. నువ్వులక్కయితే వెనక్కి తిరిగి చూడకుండా పొదలో పడింది.

రెక్కలు తడిసిన రెట్టమ్మ ఒక్కతే మిగిలిపోయింది.

సరిగ్గా అప్పుడే టీచరు వచ్చింది. "ఇవాళ ఎవరూ లేరేమిటబ్బా?" అనుకుంటూ నోటుబుక్కు మెట్టుమీద పెట్టి తడిగుడ్డ తీసింది. మొదటి మరక తుడిచింది. రెండోది తుడిచింది. గుడ్డ రెట్టమ్మ మీదికి వస్తోంది. ఎగిరే దారి లేదు. కదలకపోతే గుడ్డ కింద నలిగిపోతుంది. కదిలితే గోడ కింద తొండమావ కళ్ళు తెరుచుకుని చూస్తున్నాడు. రెట్టమ్మ తెగించి అడుగు ముందుకు వేసింది. తరవాత ఇంకో అడుగు.

మావ చూశాడు. మచ్చ నడుస్తోంది. కాళ్ళు కూడా కనిపిస్తున్నాయి.

"ఛీ! ఒకసారి తిన్నాను చాలు" అని మొహం అటు తిప్పుకుని, మట్టిలో మళ్ళీ నాలిక రుద్దుకున్నాడు.

టీచరు చెయ్యి ఆగిపోయింది. "అయ్యో! నువ్వు రెట్టవి కాదూ! ఇన్నాళ్ళూ నిన్నేనా తల్లీ నేను తుడుస్తున్నది?" అంటూ గుడ్డ అవతల పడేసి, నోటుబుక్కు అందుకుని, పైకి చదువుతూ రాసింది: "రెట్ట శలభం. ఒకటి. క్షేమం."

రెట్టమ్మ టీచరు వేలిమీద కూర్చుని, జీడిచెట్ల మీదుగా వచ్చిన ఎండలో రెక్కలు ఆరబెట్టుకుంది.

"పుస్తకంలో కూడా రెట్ట అనే రాశారే!" అంది తీగమీద నుంచి గువ్వపిన్ని, కొంచెం నొచ్చుకుంటూ.

"ఎలా రాస్తేనేం పిన్నీ, పక్కన క్షేమం అని రాశారు" అంది రెట్టమ్మ.

పొదలోంచి నువ్వులక్క గొంతు సన్నగా వినిపించింది. "తంగేడు దగ్గరికి నేను తోడొస్తానే, చెల్లీ." మొదటిసారి చెల్లీ అంది.

ఆ మధ్యాహ్నానికల్లా తంగేడు ఆకుల అడుగున గుడ్లు వరసగా కూర్చున్నాయి. తొండమావ ఇప్పటికీ గోడమీద తల ఊపుతూనే ఉంటాడు. తెల్లగా ఏది కనిపించినా మాత్రం చుట్టూ తిరిగి వెళ్తాడు.

కాబట్టి, హాజరు పిలిచేది ఎవరో చూసుకుని మరీ పలకండి.