తెరకు ఆనించిన అరచెయ్యి

అనగనగా ఒక రాజు. రాజన్నాక ముగ్గురు కొడుకులుండాలి కదా, కుంకుమపురాన్నేలే సోమప్రభుడికీ ఉన్నారు. పెద్దవాడు భూరిసేనుడు, కత్తి దూస్తే గాలి రెండు ముక్కలయ్యేది. రెండోవాడు వీరసేనుడు, గుర్రమెక్కితే దుమ్ము తప్ప మనిషి కనబడేవాడు కాదు. మూడోవాడు మధుసేనుడు. వాడికి కత్తీ రాదు, గుర్రమూ రాదు. వంటవాడు తుమ్మినట్టు తుమ్మేవాడు, మంత్రిగారు నడిచినట్టు నడిచేవాడు, అంతఃపురమంతా పొట్ట పట్టుకుని నవ్వేది.

"వీడు మన వంశంలో ఎలా పుట్టాడో!" అనేవారు అన్నలిద్దరూ.

ఒకనాడు ఏడు సముద్రాల అవతలి శంఖద్వీపం నుంచి చాటింపు వచ్చింది. ఆ ద్వీపాన్నేలే రత్నపాలుడి ఒక్కగానొక్క కూతురు కేసరవల్లి ఉన్నట్టుండి మాయమైపోయిందట. వెతికి తెచ్చినవాడికి పిల్లనిచ్చి పెళ్లి చేస్తారట. పెద్దవాడు మీసం మెలేసి వెళ్లాడు, తిరిగి రాలేదు. అన్నను వెతుకుతూ రెండోవాడు వెళ్లాడు, వాడూ రాలేదు. మహారాణి కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయేది. అది చూడలేకపోయాడు మధుసేనుడు.

"అమ్మా, నేను వెళ్లి అన్నలిద్దర్నీ తీసుకొస్తాను."

"నువ్వా? నీకు కత్తి పట్టడమైనా రాదు కదరా నాయనా!"

"కత్తి పట్టినవాళ్లు ఇద్దరూ వెళ్లారుగా. ఈసారి పట్టనివాడు వెళ్తే ఏమవుతుందో చూద్దాం."

ఏడుస్తూనే నవ్వింది రాణి. అటుకులూ బెల్లమూ మూటగట్టి ఇచ్చింది.

సముద్రపు ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. మధుసేనుడు దాన్ని తిరగేసి నిలబెట్టాడు. "నా వీపెక్కు" అంది తాబేలు. ఎక్కాడు. ఒక సముద్రం దాటింది, అలిసిపోలేదు. రెండో సముద్రం దాటింది, అలిసిపోలేదు. అలా ఏడూ దాటి, ఒడ్డు చేరాక మాత్రం కాస్త ఆయాసపడింది. ఎంతైనా తాబేలు కదా!

"రాజకుమారా, ఇక్కడ కపటాక్షుడనే మాంత్రికుడు తోలుబొమ్మలాట ఆడిస్తున్నాడు" అంది. "నీ అన్నలు అటే వెళ్లారు. వాడు ఎవర్నీ బలవంతం చెయ్యడు. ఏ వేషం కావాలని అడుగుతాడు, అంతే. నోరు తెరిచే ముందు ఆలోచించుకో."

ఆ సాయంత్రం మధుసేనుడు జనంలో కలిసి ఆట చూశాడు. తెల్లటి తెర, తెర వెనక దీపం. తెరకు ఇవతల, జనం వైపు, బంగారు పంజరంలో ఒక చిలక. ముందు వరసలో రాజు రత్నపాలుడు. కూతురు పోయిన దిగులు మరిచిపోవడానికి ఆయన రోజూ ఆటకొస్తాడట.

తెర మీదికి రాకుమారి బొమ్మ వచ్చింది. "నాన్నగారూ! నేను మీ కేసరవల్లిని!" అని ఏడ్చింది.

రత్నపాలుడు కళ్లు ఒత్తుకున్నాడు. "ఎంత బాగా ఏడుస్తోందయ్యా, అచ్చం మా అమ్మాయిలాగే!" అని చప్పట్లు కొట్టాడు.

తరవాత రాజు బొమ్మ వచ్చింది. "నేను బొమ్మను కాదు! కుంకుమపురం యువరాజును! కాపాడండి!" అని అరిచింది. "శభాష్! మళ్లీ అను!" అని జనం కేకలేశారు. ఆ గొంతు భూరిసేనుడిది. మధుసేనుడు వెంటనే గుర్తుపట్టాడు.

"అయ్యో, అది మా అన్న గొంతు!" అని లేచి నిలబడ్డాడు.

"నీకు ఆట బాగా పట్టేసిందబ్బాయ్. కూర్చో, వెనకవాళ్లకి అడ్డం" అన్నాడు పక్కనున్న పెద్దాయన.

చూశారా పిల్లలూ! నిజం గొంతు చించుకుని అరుస్తోంది, జనం ఈలలేస్తున్నారు. తెరంటే అదే మరి. దాని వెనక నుంచి ఏది వచ్చినా ఆటలాగే కనబడుతుంది.

ఆట అయిపోయాక మధుసేనుడు డేరా పక్కన కూలబడి మూట విప్పాడు. వాసన పట్టి ఒక చిట్టెలుక వచ్చింది. అటుకులు సగం పెట్టి, బెల్లం ముక్క కూడా పెట్టాడు. ఎలుక మూతి తుడుచుకుని చెప్పింది:

"నేను బొమ్మల పెట్టెలో పుట్టి పెరిగినదాన్ని, నాకన్నీ తెలుసు. కపటాక్షుడు ఆటకు మంగళం పాడాడంటే పెట్టెలో ఉన్నవాళ్లంతా ఉత్త తోలైపోతారు, మళ్లీ మనుషులు కారు. ఇన్నాళ్లూ ఎందుకు పాడలేదంటావా? హాస్యగాడి బొమ్మ లేకుండా మంగళం పాడకూడదు, అది ఆచారం. వచ్చిన వీరుడల్లా రాజు వేషమో, సేనాపతి వేషమో అడిగి ఆ బొమ్మే అయిపోయాడు. హాస్యగాణ్ణవుతానన్న మగవాడు ఒక్కడూ లేడు, అందరికీ నామోషీ!"

"హాస్యగాడైతే ఏమిటి లాభం?"

"తక్కిన బొమ్మలు ఏం మాట్లాడినా కథే. హాస్యగాడొక్కడే కథను ఆపి, జనం మొహాల్లోకి చూసి, వాళ్లతో మాట్లాడొచ్చు. ఆడించేవాడికైనా వాడి నోరు మూయించే హక్కు లేదు, అదీ ఆచారమే. ఇంకో సంగతి. చిలకకు పడిశం పడితే మాంత్రికుడు తుమ్ముతాడు. వాడి ప్రాణం దాంట్లోనే ఉంది. కానీ అది తెరకు అవతల, జనం వైపు ఉంటుంది. బొమ్మలకు అందదు. ఆట లేనప్పుడు మాంత్రికుడు దాన్ని వదలడు, ఆటలో కొత్తవాడెవడైనా చెయ్యి పెడితే జనం ఊరుకోరు."

"ముందు వరసలో రాజుగారికి అందుతుందిగా" అన్నాడు మధుసేనుడు. వాడి కళ్లు మెరిశాయి.

తెల్లవారగానే డేరాలోకి వెళ్లాడు. "ఏ వేషం కావాలోయ్?" అన్నాడు కపటాక్షుడు.

"హాస్యగాడు."

కపటాక్షుడు ఎగిరి గంతేశాడు. "మూడు సాయంత్రాలు ఆడి మంగళం పాడేస్తా!" అని మంత్రం వేశాడు. మధుసేనుడు నున్నటి బుర్ర, పొడుచుకొచ్చిన బొజ్జ, పొడుగు ముక్కు ఉన్న తోలుబొమ్మ అయిపోయాడు. ముక్కు చూసుకుని వాడికే నవ్వొచ్చింది.

మొదటి సాయంత్రం హాస్యగాడు తెర మీద పల్టీ కొట్టి, ముందు వరస వైపు తిరిగాడు. "రాజుగారండోయ్! తలపాగా ఎడమ చెవి మీదికి జారింది. ఆ చెవికి చలేస్తోందా?" జనం గొల్లుమన్నారు. రత్నపాలుడు ఉలిక్కిపడి తలపాగా సర్దుకున్నాడు. కూతురు పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

రెండో సాయంత్రం హాస్యగాడు అడిగాడు. "రాజుగారండోయ్! ఆ చిలకకు ఒక పచ్చిమిరపకాయ పెడుదురూ!"

"దానికెందుకయ్యా కారం?" అని బదులిచ్చాడు రాజు. ఆ మాట విని మధుసేనుడికి ప్రాణం లేచొచ్చింది. ఇక ఆయన బొమ్మను చూడడం లేదు, మనిషితో మాట్లాడుతున్నాడు!

చిలక మిరపకాయ హాయిగా నమిలింది. తెర వెనక "హా! హా! నీళ్లు!" అని కపటాక్షుడు గెంతాడు. చిలక కారం తింటే ఆడించేవాడికి మండడమేమిటని జనం మొహాలు చూసుకున్నారు.

మూడో సాయంత్రం కథంతా అయిపోయింది. కపటాక్షుడు మంగళం పాడడానికి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. బొమ్మలన్నీ గజగజ వణికాయి.

"ఆగండి గురువుగారూ, హాస్యగాడి మాట ఒకటి మిగిలింది" అన్నాడు మధుసేనుడు. ఆచారం కనక కపటాక్షుడు పళ్లు కొరుకుతూ ఆగాడు.

"రాజుగారూ, లేచి వచ్చి మీ అరచెయ్యి తెరకు ఆనించండి."

"ఏం పరాచికమయ్యా ఇది?" అని నవ్వుతూనే వచ్చి చెయ్యి ఆనించాడు రత్నపాలుడు. కేసరవల్లి బొమ్మను అక్కడే తుమ్మముళ్లతో తెరకు గుచ్చి ఉంచారు. మధుసేనుడు భుజంతో నెట్టి, ఆమె చేతిని సరిగ్గా ఆ చేతికి ఎదురుగా పెట్టాడు.

రాజు మొహంలో నవ్వు ఆగిపోయింది. తోలు చల్లగా ఉండాలి. ఇది వెచ్చగా ఉంది. వేలు వేలునీ తడుముకుంటూ వెళ్లాడు. చిటికెనవేలు దగ్గరికొచ్చేసరికి అది కొంచెం వంకరగా తగిలింది. చిన్నప్పుడు ఊయల మీంచి పడితే తన చేతులతో కట్టు కట్టిన వేలు అది.

"తల్లీ" అన్నాడు రాజు. "నువ్వు నిజంగానే ఏడుస్తున్నావా?"

"అవును నాన్నగారూ."

కపటాక్షుడు ఆ మాట విన్నాడు. ఆచారం లేదు, గీచారం లేదు అన్నట్టు తాళాలు ఎత్తి "మం..." అని అందుకున్నాడు.

"రాజుగారూ, చిలక! పట్టుకోండి!" అని అరిచాడు మధుసేనుడు.

రత్నపాలుడు పంజరంలో చెయ్యి పెట్టి చిలకను పట్టుకున్నాడు. మంగళం మొదటి అక్షరం దగ్గరే మాంత్రికుడి గొంతులో ఇరుక్కుపోయింది. తాళాలు కింద పడ్డాయి.

"వాళ్లను వదులుతావా, నన్ను పిడికిలి బిగించమంటావా?"

కపటాక్షుడు కాళ్లబేరానికొచ్చి మంత్రం విప్పేశాడు. తెర చించుకుని మనుషులు బయటికొచ్చారు. భూరిసేనుడు, వీరసేనుడు వచ్చి తమ్ముణ్ణి కావలించుకున్నారు. "వేషం అడగడం నీకే తెలిసిందిరా" అన్నాడు పెద్దన్న, తల వంచుకుని.

రాజు కూతురి చేతులు పట్టుకుని ఏడ్చాడు. "నువ్వు ఏడుస్తుంటే చప్పట్లు కొట్టానమ్మా."

"రోజూ వచ్చేవారు కదా నాన్నగారూ. మీరు ముందు వరసలో కనబడకపోతే ఆ పెట్టెలోనే పోయేదాన్ని" అంది కేసరవల్లి.

మధుసేనుడు చిలకను చంపనివ్వలేదు, ఎగరేశాడు. అది చెట్టూ పుట్టా పట్టి పోయింది. దాని వెనకే కపటాక్షుడు, "జాగ్రత్తే తల్లీ, పిల్లి ఉంటుంది!" అని ఊరూరూ పరిగెత్తుతూనే ఉన్నాడు. మంత్రాలకు వాడికిక తీరికే దొరకలేదు.

మధుసేనుడికీ కేసరవల్లికీ పెళ్లి జరిగింది. పెళ్లికి తాబేలు అందరికన్నా ఆలస్యంగా వచ్చింది, చిట్టెలుక అందరికన్నా ఎక్కువ తింది. కుంకుమపురంలో మహారాణి ముగ్గురు కొడుకులనీ పక్కన కూర్చోబెట్టుకుని కడుపారా అన్నం తింది. రత్నపాలుడి తరవాత మధుసేనుడు శంఖద్వీపాన్ని చాలా కాలం చల్లగా ఏలాడు. ఆయన రాజ్యంలో ఆట ఏదైనా సరే, తెర మీద ఎవరు ఏడ్చినా, చప్పట్లు కొట్టేముందు ఒకరు లేచి వెళ్లి, "అమ్మా, నిజంగానే ఏడుస్తున్నావా?" అని అడిగి రావాలి. లేదన్నాకే ఈలలు.

కథ అయిపోయింది పిల్లలూ. కానీ పుస్తకం మూసేముందు ఈ కాగితం మీద ఓసారి అరచెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా తగిలిందా, అటువైపు ఎవరో ఉన్నారన్నమాట. ఊరుకోకండి, పలకరించండి.