దున్న వీపు మీద కాపురం

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక గుట్ట. గుట్ట మీద పన్నెండు రాతి గూళ్లు ఖాళీగా ఉండేవి. గుట్ట కింద పన్నెండు కుటుంబాలు ఇల్లు లేక ఎండలో కూర్చుని ఉండేవి. మధ్యలో ఒక కార్యాలయం ఉండేది. అందుకే పిల్లలూ, గూళ్లు పైనా, వాళ్లు కిందా ఉండిపోయారు.

అదెలా జరిగిందో చెబుతాను, వినండి. ఆ యేడు వేసవి చివర్లో గాలివాన వచ్చి వాగు పొంగింది. ఒడ్డున ఉన్న కన్నాలన్నీ కొట్టుకుపోయాయి. అడవికి రాజైన సింహం జాలిపడ్డాడు. "ఇల్లు లేనివాళ్లకు గుట్ట మీది గూళ్లు ఇచ్చేయండి" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. అక్కడితో ఊరుకుంటే ఇంకా బాగుండేది. కానీ ఆయన, "ఇళ్ల సంగతి బాగా తెలిసినవాళ్లనే ఆ పనికి పెట్టండి" అని కూడా అన్నాడు.

ఇళ్ల సంగతి ఎవరికి బాగా తెలుసు? పుట్టినప్పటి నుంచీ ఇల్లు వదలనివాళ్లకు! అలా ముగ్గురిని ఏరి ఏరి తెచ్చారు. అధికారి తాబేలు జోగారావు. గుమస్తా నత్త పైడిరాజు. వీళ్లిద్దరి మీదా అధ్యక్షురాలు ఆల్చిప్ప అనసూయమ్మ. ఆవిడ నోరు తెరవగా ఎవరూ చూడలేదు. అందుకే ఆవిడంటే అందరికీ గౌరవం. ముగ్గురికీ పుట్టుకతోనే సొంత ఇల్లు. ఒక్కరు కూడా ఒక్క పూటైనా బయట ఉండి ఎరగరు.

ఇల్లు పోయినవాళ్లలో సూరమ్మ అనే ఎలుక ఒకతె. ఆమె భర్త వరదలోనే పోయాడు. మిగిలింది ఐదుగురు పసికూనలు. ఇంకా ఒంటి మీద బొచ్చయినా సరిగ్గా రాలేదు. ఏడ్చుకుంటూ దారిలో కూర్చున్న సూరమ్మను గవరయ్య అనే దున్నపోతు చూశాడు.

"ఏటమ్మా, ఎందుకేడుస్తున్నావు? నా వీపు ఖాళీగానే ఉంది కదా. వచ్చి ఉండు" అన్నాడు.

సూరమ్మ పిల్లలతో సహా దున్న వీపు ఎక్కింది. పైన ఒక టేకాకు కప్పుకుంది. ఇల్లు వెచ్చగానే ఉంది. కాకపోతే ఆ ఇల్లు నడిచేది. ఇంటికి ఆకలేస్తే మేతకు పోయేది. ఇంటికి దురద పుడితే వెళ్లి చెట్టుకు రాసుకునేది. మధ్యాహ్నం అయ్యేసరికి ఇల్లు బురదలో దొర్లేది. రోజూ ఆ వేళకు సూరమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినీ నోట కరుచుకుని కిందికి దింపేది. ఇల్లు లేచి ఒళ్లు దులుపుకున్నాక మళ్లీ ఒక్కొక్కరినీ ఎక్కించేది. ఒకరోజు ఐదోవాడు జారి బురదలో వెల్లకిలా పడిపోయాడు. వాడి కాళ్లు ఆకాశంలో కొట్టుకుంటుంటే సూరమ్మ పరుగున వెళ్లి నోట కరుచుకుని లాగింది.

ఆ సాయంత్రం గవరయ్య మెల్లగా అసలు సంగతి చెప్పాడు. "ఆరుద్ర కార్తె రాగానే మా మంద ఏరు ఈదుకుని కొండ అవతలికి పోద్దమ్మా. నీ పిల్లలు ఆ ఈతకు ఆగలేరు. ఈలోగా నీకు గుట్ట మీద గూడొకటి దొరికితే నాకు నిశ్చింత."

ఆరుద్ర కార్తెకు ఇంక నెలే ఉంది. ఆ తర్వాత దున్న వీపు కూడా ఉండదు. ఉండేదల్లా వానే. సూరమ్మ తెల్లవారగానే కార్యాలయానికి పరుగెత్తింది.

కార్యాలయం అంటే ఒక మారేడు చెట్టు నీడ. జోగారావు మెడ చాచి ఆమెను చూశాడు. పక్కన పైడిరాజు ఆకు పరిచి పెట్టుకున్నాడు. అతను తన జిగురుతోనే రాసేవాడు. సిరా ఖర్చు లేదు కానీ, ఒక అక్షరం మొదలుపెడితే దాని కొన దాకా పాకాలి.

"ఇంటి చిరునామా?" అడిగాడు జోగారావు.

"ఇల్లు లేదనే కదా బాబూ వచ్చాను!"

"చిరునామా చెప్పకపోతే, నీకు ఇల్లు లేదన్న సంగతి మేము ఏ ఇంటికి వచ్చి చూసుకోవాలమ్మా?"

సూరమ్మ చివరికి, "దున్న వీపు, ఎడమ పక్క" అంది. పైడిరాజు ఆ నాలుగు ముక్కలూ రాసేసరికి మధ్యాహ్నం దాటింది.

మర్నాడే అతను విచారణకు బయల్దేరాడు. మేత మైదానం అక్కడికి నలభై అంగలు. పాపం, ఎక్కడా ఆగకుండా పాకాడు. నాలుగో రోజుకు చేరుకున్నాడు. అప్పటికి గవరయ్య గడ్డి మేసేసి వేరే చోటికి వెళ్లిపోయాడు. పైడిరాజు చుట్టూ చూసి ఆకు మీద ఇలా రాసుకున్నాడు: "దరఖాస్తుదారు ఇంట్లో లేరు. ఇల్లు కూడా ఇంట్లో లేదు."

విషయం తెలిసి సూరమ్మ తల బాదుకుంది. "అన్నయ్యా, ఆయన మళ్లీ వచ్చేదాకా కాస్త కదలకుండా నిలబడతావా?" అని గవరయ్యను బతిమాలింది.

గవరయ్య నిలబడ్డాడు. ఒకరోజు కాదు, నాలుగు రోజులు. కాళ్ల దగ్గరి గడ్డి మొదటి రోజే అయిపోయింది. రెండో రోజు ఈగలు ముసిరాయి. మూడో రోజు అతని కడుపు చేసే చప్పుడుకు పిల్లలకు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు పైడిరాజు వచ్చి, తోక పట్టుకుని పూటంతా ఎక్కి, ఇల్లంతా కలియతిరిగాడు.

"నేల మెత్తగా ఉంది" అని రాశాడు. "పైన టేకాకు కప్పు. కింద నుంచి వెచ్చదనం. వెనకవైపు విసనకర్ర సదుపాయం." విసనకర్ర అంటే గవరయ్య తోకేనర్రా!

అతను తిరిగి కార్యాలయం చేరేసరికి మరో నాలుగు రోజులు. జోగారావు ఆకు అంతా చదివి, సూరమ్మను పిలిపించాడు.

"నీకు పక్కా ఇల్లే ఉందమ్మా. పైగా నాలుగు కాళ్ల వాహనం. వాహనం ఉన్నవాళ్లకు గూడు ఇవ్వకూడదని నిబంధన."

"వాహనమేమిటి బాబూ? ఆయన గవరయ్య!"

"ఓహో, పేరు కూడా పెట్టుకున్నావా?" అన్నాడు జోగారావు. పైడిరాజు అది కూడా రాసుకున్నాడు.

సూరమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఎవరికైనా ఏడుపే వస్తుంది మరి! ఐదుగురు పిల్లల్ని నోట పట్టుకుని రోజుకు రెండుసార్లు ఇల్లు మారేదాన్ని పట్టుకుని, నీకు ఇల్లూ వాహనమూ ఉన్నాయంటే ఏమనాలి?

ఆరుద్ర కార్తె రేపనగా ఆమె మూడోసారి వెళ్లింది. ఆకాశం అప్పటికే నల్లబడింది. "బాబూ, మా గవరన్న రేపు వెళ్లిపోతాడు. రేపటి నుంచి నాకు ఇల్లు లేదని రాసివ్వండి చాలు" అంది.

"రాసివ్వడానికేం, రాసిస్తాం" అన్నాడు జోగారావు. "కానీ ఆ పత్రం చేతికి ఇవ్వకూడదు. దరఖాస్తుదారు ఇంటి గుమ్మానికి అంటించాలి."

"ఏ గుమ్మానికి?"

జోగారావు ఆలోచించాడు. చివరికి అందరూ అధ్యక్షురాలి వైపు తిరిగారు. ఆశ్చర్యం! అనసూయమ్మ డొప్పలు కొద్దిగా విచ్చుకున్నాయి. సూరమ్మ రెండు చేతులూ జోడించింది. పైడిరాజు రాసుకోవడానికి ఆకు పరిచాడు. అనసూయమ్మ తీరిగ్గా ఒక ఆవలింత ఆవలించి, మళ్లీ మూసుకుంది.

సూరమ్మకు ఒళ్లు మండిపోయింది. "బాబూ, మీరు ఒక్కసారి ఆ డొప్పలోంచి బయటికొచ్చి చూడండి. ఇల్లు లేకపోతే ఎలా ఉంటుందో తెలుస్తుంది" అంది.

"రాలేనమ్మా. ఇది ఊడదు" అన్నాడు జోగారావు. వెటకారంగా కాదు, నిజంగానే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు పిల్లలూ. వాన పడితే తల లోపలికి లాక్కునేవాడు, అంతే. వాన తల మీద పడుతుందన్న సంగతే ఆయనకు తెలియదు.

మర్నాడు తెల్లవారుతూనే వాన మొదలైంది. మామూలు వాన కాదు, కుండపోత. గుట్ట మీది నీళ్లు ఎర్రగా కిందికి దూకాయి. మారేడు చెట్టు కింద మట్టి జారింది. మట్టితో పాటు జోగారావు కూడా జారాడు. రెండు పల్టీలు కొట్టి, డొప్ప కిందికీ పొట్ట పైకీ అయి ఆగాడు. నాలుగు కాళ్లూ గాల్లో ఆడించాడు. ఎంత తన్నుకున్నా బోర్లా తిరగలేకపోయాడు. తల లోపలికి లాక్కుంటే డొప్ప నిండా నీళ్లే.

"పైడిరాజూ! సాయం చెయ్యరా!" అని అరిచాడు.

పైడిరాజుకు పని చేయడం ఒక్క రకంగానే వచ్చు. గబగబా ఆకు పరిచాడు. గబగబా అంటే అతని గబగబా. "అయ్యా, తమరు ఇంట్లో ఉన్నారా, బయట ఉన్నారా?"

"ఇల్లు నా కిందే ఉంది. కానీ నేను ఇంట్లో లేనట్టే ఉందిరా!"

"అలా రాయడానికి గడి లేదండి."

సరిగ్గా అప్పుడే గవరయ్య అటుగా వచ్చాడు. సూరమ్మను గుట్ట దగ్గర దింపి మందను కలుసుకుందామని అతని తొందర. వీపు మీద తడిసిన టేకాకు కింద ఐదుగురూ గజగజ వణుకుతున్నారు.

గవరయ్య తాబేలును చూసి ముక్కు ఎగరేశాడు. "వదిలెయ్యమ్మా. ఆయన్నీ దరఖాస్తు పెట్టుకోమను. మా వాళ్లు ఏటి దాకా పోయారు."

సూరమ్మ కిందికి దూకింది. జోగారావు చెవి దగ్గరికి వెళ్లి, "తమరి ఇంటి చిరునామా?" అని అడిగింది.

"నా వీపు కిందమ్మా!"

"ఇల్లు ఉంది కదా మరి. ఎందుకీ గోల?"

అలా అడిగితే ఆమెకు ఎంతో తృప్తిగా అనిపించింది. లేదని నేను అబద్ధం చెప్పను. ఇంకో నాలుగు ప్రశ్నలు కూడా నాలుక మీదికొచ్చాయి. కానీ వాన నేరుగా జోగారావు ముక్కులో పడుతోంది. ఆయన ఉక్కిరిబిక్కిరి అవుతున్నాడు. కాళ్లు ఆకాశంలో కొట్టుకుంటున్నాయి. అచ్చం బురదలో పడ్డ ఐదోవాడి కాళ్లలాగే. సూరమ్మ కోపం అక్కడితో కారిపోయింది.

"అన్నయ్యా, కొమ్ము పెట్టు! ముందు ఆయన్ను తిప్పు!" అని అరిచింది.

గవరయ్య సణుక్కుంటూనే కొమ్ము పెట్టి ఒక్క ఎత్తు ఎత్తాడు. జోగారావు కాళ్ల మీద నిలబడ్డాడు. దగ్గాడు, తుమ్మాడు, ముక్కులోంచి నీళ్లు చీదాడు. తర్వాత తలెత్తి చూశాడు. దున్న వీపు మీద టేకాకు చిరిగిపోయి ఉంది. కింద ఐదు చిన్న మూతులు వానకు తడుస్తున్నాయి.

"వీళ్లు ఎప్పటి నుంచి ఇలా ఉన్నారమ్మా?" అన్నాడు.

"ఈ మాట మీరు నన్ను మొదటి రోజే అడగాల్సింది బాబూ" అంది సూరమ్మ.

జోగారావు సిగ్గుతో తల లోపలికి లాక్కోబోయి, మానుకున్నాడు. "అందరూ పైకి పదండి. గూళ్లు ఇప్పుడే ఇచ్చేస్తున్నాను" అన్నాడు.

"అయ్యా, మరి ఈ గళ్లు నింపకుండా..." అని పైడిరాజు ఆకు చూపించాడు.

"ఆ ఆకు తెచ్చి పిల్లల మీద కప్పరా!"

పైడిరాజు ఆకు అందించాడు, సూరమ్మ కప్పింది. ఆ ఆకు ఒకరికి పనికి రావడం అదే మొదటిసారి.

జోగారావు తానే ముందు నడవబోయాడు. ఆయన నడిస్తే గుట్ట ఎక్కేసరికి వానాకాలం అయిపోతుందని గవరయ్య ఆయన్నీ వీపు మీదికి ఎక్కించుకున్నాడు. చీకటి పడేలోపు పన్నెండు కుటుంబాలూ పన్నెండు గూళ్లలోకి చేరాయి. గవరయ్య పరుగున వెళ్లి ఏటి దగ్గర మందను అందుకున్నాడు. రాతకోతల పని పైడిరాజు ఆ తర్వాత మొదలుపెట్టాడు. గూటి గూటికీ పాకుతూ, లోపల వెచ్చగా కూర్చున్నవాళ్లను ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు. కార్తీకం దాకా పట్టింది. ఎవరికీ ఏ తొందరా లేదు.

గూట్లో చేరిన మర్నాడు తెల్లవారగానే సూరమ్మ ఉలిక్కిపడి లేచింది. అలవాటు కొద్దీ పెద్దవాణ్ని నోట కరుచుకుని దిగడానికి సిద్ధమైంది. అప్పుడు చుట్టూ చూసింది. ఇల్లు ఎక్కడికీ కదలడం లేదు. నిన్న పడుకున్నప్పుడు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. బయట వాన పడుతోంది, లోపల పడడం లేదు. ఆమె వాణ్ని మెల్లగా తమ్ముళ్ల పక్కన పెట్టి, మళ్లీ పడుకుంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా లేవలేదు.

నీతి: తడుస్తున్నవాళ్లను ముందు లోపలికి పిలవాలి. వివరాలు వాళ్లు ఆరాక అడగవచ్చు.