మడెమ్మ తోటకు ఆ పేరు ఎలా వచ్చింది

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఆ చివర నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి కూర్చోండి. రేపు మనం వేములదిన్నె పట్నానికి వెళ్ళి చూడబోయే తోట సంగతి చెబుతాను. సంగతి తెలిసి చూస్తే ఒకలా ఉంటుంది, తెలియకుండా చూస్తే ఇంకోలా ఉంటుంది.

వేములదిన్నె బస్టాండులో దిగి ఎడమ చేతివైపు నడిస్తే ఇనుప గేటు, దాని మీద 'పురపాలక ఉద్యానవనం' అన్న బోర్డు కనిపిస్తాయి. ఆ పేరుతో అడిగితే మాత్రం ఆటోవాళ్ళు తెల్లమొహం వేస్తారు. 'మడెమ్మ తోట' అంటే చాలు, తీసుకువెళ్ళి దింపుతారు. లోపల తామరపువ్వు ఆకారంలో కట్టిన ఫౌంటెను ఉంది. పిల్లల రైలు ఉంది, అది ఒక నేరేడుతోపును చుట్టి వస్తుంది. ఒక చెవి విరిగిన సిమెంటు జిరాఫీ ఉంది. తెల్లవారుజామున పెద్దలు నడకకు వస్తారు, సాయంత్రం ఉడకబెట్టిన వేరుసెనక్కాయల బండ్లు వస్తాయి. నేరేడుతోపు దాటితే, నాలుగు రాతి స్తంభాల నడుమ, పైకప్పు లేని చోట మడెమ్మ తల్లి ఉంటుంది. నల్లరాతి విగ్రహం. ఉలి తాకలేదు, శిల్పి చెక్కలేదు. ఒక ఆడమనిషి నడుము వంచి, రెండు చేతులూ నేలకు దించినట్టుగా ఉంటుంది.

తల్లి పేరు వినగానే చాలామంది పొరబడతారు. ఆ తల్లి నోట 'మడి' అనే మాట తొలిసారి విన్న గొర్రెల ఉలిగమ్మ కూడా పొరబడింది. ఆ స్థలం కథంతా ఆ పొరపాటులోనే ఉంది.

పూర్వం అక్కడ పట్నం లేదు. ఉన్నదంతా రాళ్ళదిన్నె, తుమ్మచెట్లు, దిన్నె కింద గొర్రెలవాళ్ళ కొట్టాలు. ఇది మెట్టసీమ. వానను నమ్ముకొని కొర్రలు, జొన్నలు చల్లుకొనే చేలు తప్ప, నీళ్ళు నిలగట్టి వరి పండించే మడి ఒక్కటీ ఆ చుట్టుపక్కల ఉండేది కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఉలిగమ్మ అంత వయసు వచ్చినా నారుమడిని కంటితో చూసి ఎరగదు.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. బావులు అడుగంటాయి. ఉలిగమ్మకూ ఆమె మగడు తిప్పన్నకూ ఉన్న ఆస్తి ఒక గొర్రెలమంద. మంద నిలిస్తే వాళ్ళు నిలిచినట్టు, లేకుంటే కొట్టం వదిలి కూలికి దేశం పట్టిపోవాల్సిందే. అలాంటి రోజుల్లో ఒకనాడు, మందలోని బొల్లి అనే ఆడగొర్రె దిన్నె మధ్య ఒకచోట ఆగి కాలితో నేల గీరసాగింది. బొల్లి తల్లి ఈనగానే చచ్చిపోతే ఉలిగమ్మే దాన్ని ఒడిలో పెట్టుకొని పాలు పట్టి పెంచింది. 'ఏముందే అక్కడ?' అంటూ దగ్గరికి వెళ్ళి చూస్తే మట్టి చెమ్మగా ఉంది. ఆమె చేతులతో తవ్వింది. ముందు నల్లరాతి వీపు బయటపడింది. తర్వాత చేతులు బయటపడ్డాయి. ఆ చేతుల కింద నుంచి నీళ్ళు ఊరి చిన్న చెలమ అయింది.

మంద కడుపారా తాగింది. ఉలిగమ్మ రాతికి దండం పెట్టుకొని తుమ్మనీడన కాసేపు నడుము వాల్చింది. ఆ పగటినిద్రలో ఒక ముసలామె కొంగు నడుముకు దోపుకొని వచ్చి, 'ఉలిగీ, నీకు నీళ్ళిస్తి. నాకు ఇక్కడ ఒక మడి కావాల' అన్నది. అంతే, ఇంకో మాట లేదు.

ఉలిగమ్మ ఉలిక్కిపడి లేచింది. ఆమెకు తెలిసిన మడి ఒక్కటే. ఎప్పుడైనా నెయ్యి అమ్మడానికి దూరాన ఉన్న అగ్రహారానికి పోతే, ఒక పెద్దింటావిడ తడిచీరతో గుమ్మంలో నిలబడి, 'మడిలో ఉన్నానమ్మాయ్, అక్కడే పెట్టు, దగ్గరికి రాకు' అనేది. మడి అంటే ఎవరూ తాకకూడదని, దరిదాపులకు రాకూడదని ఉలిగమ్మ మనసులో పడిపోయింది. 'అట్లే కానీ తల్లీ' అని రాతికి మాటిచ్చింది. ఆ పొద్దే తుమ్మకంప నరికి చెలమ చుట్టూ కంచె వేసింది. మందను దూరం తోలింది. కర్ర పట్టుకొని కాపలా కూర్చుంది.

తిప్పన్న వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

'ఏమే, నీళ్ళు చూపించి తాగొద్దనే దేవత యాడన్నా ఉంటుందా?'

'అమ్మ మడి అడిగింది. నేను మాటిచ్చినా. నీ గొర్రెలు తొక్కితే ఆ పాపం ఎవురికి?'

'నా గొర్రెలంట! నిన్నటిదాకా నీవే కదా?'

కొట్టాల ఆడవాళ్ళు కడవలతో వచ్చారు. ఉలిగమ్మ కర్ర అడ్డం పెట్టింది. వాళ్ళలో నోరున్న మనిషి హంపక్క. ఆమె కడవ నడుముకు మార్చుకొని, 'చూడండమ్మా! గొర్రెబొచ్చు కంబడి కప్పుకొని మడి కట్టుకున్నది లోకంలో మన ఉలిగమ్మ ఒక్కతే! నీకు దూరంగా నిలబడాల్నా, ఇంకా దూరంగానా తల్లీ?' అన్నది. అందరూ నవ్వారు. నవ్వినా ఎవరూ కంచె దాటలేదు. దేవత మాటంటే భయం వాళ్ళకూ ఉంది. ఆమడ దూరం నడిచి ఉప్పునీళ్ళు మోసుకున్నారు.

గొర్రెలు ఆ ఉప్పునీళ్ళు ముట్టలేదు. మంద రోజురోజుకూ నీరసించింది. ఒకనాటి మిట్టమధ్యాహ్నం బొల్లి తూలుకుంటూ వచ్చి కంచె పక్కన కూలబడింది. కంపలోకి మూతి దూర్చి, తడిమట్టి వాసన పీలుస్తూ నాలుక చాపింది. ముల్లు గుచ్చుకుంది. అయినా మూతి తీయలేదు. ఉలిగమ్మ దాని తల ఒడిలో పెట్టుకుంది. కంచె తీస్తే మాట పోతుంది. తీయకపోతే తన చేత్తో పెంచిన జీవం పోతుంది. దాని వెనక మంద అంతా పోతుంది. 'అమ్మా, నేను మాట తప్పలేను, దీన్ని చూడలేను. ఏం చేయమంటావో నువ్వే చెప్పు' అని రాతివైపు చూస్తూ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, అలా కూర్చున్నపాటునే కళ్ళు మూతపడ్డాయి.

ముసలామె మళ్ళీ వచ్చింది. ఈసారి మోచేతులదాకా బురద ఉంది. పొట్ట పట్టుకొని నవ్వుతోంది.

'ఓసి పిచ్చిదానా! మడి అడిగితే మడి కట్టుకొని కూర్చున్నావా?'

'మడంటే ముట్టుకోకూడదనే కదమ్మా?'

'ముట్టుకోకుండా మొక్క నాటేదెట్లనే? నేనడిగింది నారు పోసుకొనే మడి. ఆ మట్టిని తడపాల, తొక్కాల, చేతులు పెట్టి కలపాల. నీ మంద తొక్కితే నాకు ఇంకా మేలు. లేయ్, ముందు ఆ బిడ్డకు నీళ్ళు పట్టు.'

ఉలిగమ్మ లేచి కంపను ఉత్తచేతులతో లాగేసింది. అరచేతులు గీరుకుపోయాయి. లోపల చూస్తే చెలమ పూడిపోయి ఉంది. తోడేవాళ్ళు లేక మట్టి కూరుకుపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని తోడింది. ముందు పొడిమట్టి వచ్చింది, తర్వాత బురద వచ్చింది. మోచేతులదాకా చేతులు దింపి ఇంకా తోడింది. ఎప్పటికో రాతి చేతుల కింద నీరు కదిలింది. దోసిట పట్టి బొల్లి మూతి తడిపింది. మొదటి దోసెడు పక్కకు కారిపోయింది. రెండోది కూడా కారిపోయింది. మూడో దోసెడుకు బొల్లి నాలుక ఆడింది.

మంద వచ్చి పడింది. చెలమ చుట్టూ తొక్కి తొక్కి నేలంతా మెత్తటి బురద చేసింది. ఉలిగమ్మ ఆ బురదకాళ్ళతోనే కొట్టాలకు పోయి, హంపక్క వాకిట్లో నిలబడింది.

'అక్కా, కడవ తీసుకొని రా. మడంటే నేననుకున్నది కాదంట. తప్పు నాదే.'

హంపక్క ఆమెను ఎగాదిగా చూసింది. 'ఇప్పుడు బాగుండావు చూడు, మనిషి మాదిరి' అని కడవ ఎత్తుకుంది.

ఆ బురదలో నారు పోయడానికి వాళ్ళ దగ్గర వరివిత్తనాలు లేవు. ఉన్నదే తెచ్చారు. ఒకరు నేరేడు గింజలు, ఒకరు వేపగింజలు, ఒకరు ఎక్కడినుంచో పెకలించుకొచ్చిన కానుగమొక్క. అవే పెరిగి తోటయ్యాయి. కొట్టాలు ఊరై, ఊరు పట్నమై, దిన్నె అంతా ఇళ్ళు లేచినా, ఆ ఒక్కచోట మాత్రం ఎవరూ పునాది తవ్వలేదు. తర్వాత పురపాలకసంఘం వారు దారులు వేసి, దీపాలు పెట్టి, అందరూ తిరిగే పార్కుగా చేశారు.

నేటికీ అక్కడి ఆచారాలు ఉలిగమ్మ నాటివే. తల్లికి పసుపు పూయరు. భక్తులు చెలమలోని తడిమట్టి తీసి ఆమె చేతులకు రాస్తారు. కాళ్ళు కడుక్కొని లోపలికి వెళ్ళడం కాదు, బయటికి వచ్చేటప్పుడు కడుక్కోవడం అక్కడి పద్ధతి. ఉలిగమ్మ వంశంవారే పూజారులు. వారి చేతిలో హారతిపళ్ళెం కన్నా పార ఎక్కువగా కనిపిస్తుంది. ప్రతి శ్రావణంలో ఒక సోమవారం గొర్రెలమందలను తోలుకొచ్చి మడి తొక్కిస్తారు. ఆనాడు పిల్లల రైలు ఆపేస్తారు. మొక్కలను ముట్టుకోరాదు అనే బోర్డు ఆ తోటలో మీకు ఎక్కడా కనిపించదు. స్వయంగా ఒక మొక్క నాటి, ఆ మట్టిచేత్తో తల్లిని ముట్టుకున్నవారి ఇంట పాడీ పంటా చల్లగా ఉంటాయని, ఎండిన బావి మళ్ళీ ఊరుతుందని ఈ ప్రాంతంవారి నమ్మకం.

ఇక లేవండి. పొద్దు వాలింది, మీ ఇళ్ళలో ఈపాటికి సంగటి దించి ఉంటారు. వెళ్ళి వేడివేడిగా తినండి. సార్ మట్టి మంచిదన్నాడని చేతులు కడుక్కోకుండా కూర్చునేరు. బువ్వ దగ్గర మడెమ్మ కూడా ఒప్పుకోదు.