గిజిగాడు సగం గూటి దగ్గర ఎందుకు ఆగుతాడు

ఒకప్పుడు గిజిగాడు గూడు మొత్తం తనొక్కడే కట్టేసేవాడు. గాలి ఎటునుంచి వస్తుందో చూసేవాడు కాదు, నీళ్లు ఎంత దూరమో చూసేవాడు కాదు, ఎవరినీ ఒక మాట అడిగేవాడు కాదు. చెట్లు పూతకొచ్చాయంటే చాలు, కంటికి నచ్చిన కొమ్మ మీద వాలి అల్లడం మొదలుపెట్టేవాడు. గూడంతా పూర్తయ్యాక, గడపా గుమ్మం అన్నీ కుదిరాక, అప్పుడు పెళ్లికూతుర్ని వెంటబెట్టుకొచ్చి "ఇదిగో మన ఇల్లు" అనేవాడు. ఆమె తల ఊపేది. ఊపక ఏం చేస్తుంది, అప్పటికే ఇల్లు అయిపోయిందిగా!

ఆ రోజుల్లో నారయ్య అని ఒక గిజిగాడు ఉండేవాడు. కుర్రవాడు. అతనికి అదే మొదటి ఇల్లు. తలమీద పసుపు రంగు అప్పుడే కొత్తగా వచ్చింది. నీళ్లు కనిపిస్తే చాలు, వంగి అందులో తన తల చూసుకుని మురిసిపోయేవాడు. అయితే ముక్కులో పనితనం మాత్రం ఉంది, కాదనకూడదు. ఈతాకును దారంలా చీల్చి ముడి మీద ముడి వేశాడంటే కోతి వచ్చి లాగినా ఊడేది కాదు.

ఒకరోజు నారయ్య ఎగురుతూ ఎగురుతూ గుట్ట మీది మోదుగ చెట్టును చూశాడు. అది పూల కాలం. చెట్టుకు ఒక్క ఆకు లేదు, కొమ్మ కొమ్మకీ ఎర్రెర్రటి పూలే. ఎండ నులివెచ్చగా ఉంది. గాలి కూడా ఆ రోజు పెద్దమనిషిలా మెల్లగా నడుస్తోంది. అక్కడినుంచి చూస్తే కింద పొలాలన్నీ కనిపిస్తున్నాయి, సాయంత్రం అయితే సూర్యుడు ఎదురుగానే దిగుతాడు.

"కడితే ఇక్కడే కట్టాలి. గుమ్మం పడమటికి పెడతాను. నేనూ నా పెళ్లామూ గడపలో కూచుని రోజూ పొద్దు గుంకడం చూస్తాం" అనుకున్నాడు నారయ్య.

అనుకోవడం ఆలస్యం, పని మొదలైపోయింది. చెట్టు మీద వాలాడే గానీ చెట్టును పలకరించనైనా లేదు. కొమ్మకు ముడి వేశాడు, కప్పు అల్లాడు, గోడ దించాడు. ఇక గుమ్మం చుట్టూ అంచు కట్టడం ఒక్కటే మిగిలింది. అప్పుడు అలిసిపోయి కొమ్మ మీద చతికిలబడి, "బాగున్నావా మోదుగవ్వా?" అన్నాడు.

"ఇన్నాళ్లకు అడిగావా అబ్బాయ్! బాగానే ఉన్నాలే" అంది మోదుగవ్వ. "ఒక మాట చెబుతా విను. నన్ను పూతలో చూసి ఇల్లు కట్టుకోబాక. నా సంగతి తెలియాలంటే వానల్లో రావాలి. పడమటి గాలి ఈ గుట్ట ఎక్కి నా మీదుగానే పోతాడు. ఒక్కసారి నా కొమ్మలు చూడు, అన్నీ తూర్పుకే వాలి ఉంటాయి. ఎందుకనుకున్నావ్?"

నారయ్య చూశాడు. నిజమే. కొమ్మలన్నీ ఒకే పక్కకి, మెడపట్టి తోసినట్టు వాలి ఉన్నాయి. ఇన్ని రోజులుగా అదే చెట్టు మీద ఉన్నాడు, ఒక్కసారీ గమనించలేదు.

"నీ గూడేమో గట్టిది. నీ గుమ్మమే పడమటికి ఉంది. ఇప్పటికైనా మించిపోయింది లేదు, వేరే చోటు చూసుకో నాయనా" అంది అవ్వ.

సరిగ్గా అప్పుడే చిలకల గుంపు ఒకటి అటుగా వచ్చింది. అవి గూడు చుట్టూ తిరిగి ఒకటే పొగడ్త. "అబ్బబ్బ, ఏం ఇల్లయ్యా! ఎర్రపూల మధ్యన ఉయ్యాల వేసినట్టుంది. మా జన్మలో ఇట్టాంటిది చూడలా!"

ఇక నారయ్య దాన్ని వదిలి ఎట్లా పోతాడు? ఇంత పనీ మళ్లీ మొదటినుంచా? చిలకలు నవ్వవూ? అవ్వ చెప్పిన మాటను గుటుక్కున మింగేసి గుమ్మానికి అంచు కట్టేశాడు.

మర్నాడు పెళ్లికూతురు ఈనెమ్మను తీసుకొచ్చాడు. ఈనెమ్మ మోటబావి పక్కన పుట్టి పెరిగిన పిల్ల. వాళ్లమ్మ నెమ్మదస్తురాలు, కూతుర్నీ అలాగే పెంచింది. ఈనెమ్మ గూటి లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. గోడను ముక్కుతో లాగి చూసింది.

"పనితనం బాగుంది. నీళ్లే కాస్త దూరం. అది నేను సర్దుకుంటాలే" అంది. తర్వాత, "ఇల్లు చూడకముందు ఇంటి మీద పడే వానను చూడమంది మా అమ్మ. ఇక్కడ గాలీ వానా ఎటునుంచి కొడతాయయ్యా?" అని అడిగింది.

నారయ్య వాలిన కొమ్మల వైపు చూడకుండా గుమ్మం అంచు సర్దాడు.

"తూర్పునుంచి" అన్నాడు. "అదీ మెల్లగానే."

మోదుగవ్వ ఆ మాట విన్నది. మొగుడూ పెళ్లాల మధ్యకి మనమెందుకులే అని ఊరుకుంది. అవ్వ ఊరుకోవడమే నారయ్యకు ముల్లులా గుచ్చుకుంది.

కాపురం మొదలైంది. ఈనెమ్మ మంచిది. నీళ్లకు గుట్ట దిగి బావిదాకా పోయి వచ్చేది, ఒక్కనాడూ విసుక్కోలేదు. సాయంత్రం గడపలో కూచుని, "మంచి చోటు చూశావయ్యా" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నారయ్య ముఖం తిప్పుకునేవాడు. తిప్పుకుంటే తూర్పుకు వాలిన కొమ్మలు కనిపించేవి. కళ్లు మూసుకునేవాడు.

రోజూ చెప్పేద్దామనే అనుకునేవాడు. "ఈనెమ్మా, నీకొక మాట..." అని మొదలుపెట్టేవాడు. ఆమె ఏమిటన్నట్టు తల వంచి చూసేది. "ఏం లేదు, ఎండ ఎక్కువగా ఉంది" అనేసేవాడు. వానలకు ఇంకా టైముందిలే, రేపు చెప్పొచ్చులే. పూలు రాలాయి, ఆకులొచ్చాయి, ఎండలు ముదిరాయి. ఆ రేపు మాత్రం రాలేదు. ఈనెమ్మ మూడు తెల్లటి గుడ్లు పెట్టింది. ఇక చెప్పినా గూడు మార్చడానికి లేదు.

మృగశిర కార్తె వచ్చింది. ఒక మధ్యాహ్నం పడమట నల్లగా మబ్బు పట్టింది. గుట్ట కింద తాటాకులు గలగలమన్నాయి. పడమటి గాలి పరుగున గుట్ట ఎక్కుతున్నాడు.

"గాలయ్యా, కాస్త పక్కనుంచి పో! ఇంట్లో గుడ్లున్నాయి!" అని ఈనెమ్మ అరిచింది.

"పక్కకు తిరగడం నాకు రాదు తల్లీ!" అన్నాడు గాలి. ఆయన గొంతులో కోపం లేదు, కంగారే ఉంది. "సముద్రం దగ్గర బయల్దేరిన్నాటి నుంచీ నాకు ఇదే దారి. వెనక వాన నన్ను తోసుకొస్తోంది, ఆగలేను. ఈ దారిలో ఇల్లేంది తల్లీ? ఏం మోదుగవ్వా, నువ్వైనా చెప్పలేదా వీళ్లకి?"

"చెప్పాను నాయనా" అంది మోదుగవ్వ ఏడుపు గొంతుతో. "అతనికి చెప్పాను."

ఈనెమ్మ తిరిగి నారయ్యను చూసింది. ఒక్క క్షణమే చూసింది. నారయ్యకు ఆ క్షణంలో భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

అంతలోకే గాలి వచ్చి పడ్డాడు. కొమ్మ అటూ ఇటూ కొట్టుకుంది. పడమటి గుమ్మంలోంచి జల్లు నేరుగా లోపలికి కొట్టింది. గూడు నిండా నీళ్లు. నారయ్య రెక్కలు చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అంత గాలికి చిన్న పిట్ట రెక్క ఏపాటి? గాలి అతన్ని విసిరి అవతల పారేశాడు. గుడ్లు దొర్లుకుంటూ వచ్చి, ఒకదాని వెంట ఒకటి గుమ్మంలోంచి కింద బండమీద పడ్డాయి.

వాన వెలిసింది. గూడు మాత్రం కొమ్మకు అలాగే ఉంది. ఒక్క ముడి ఊడలేదు. దాన్ని చూస్తుంటే నారయ్యకు ఇంకా సిగ్గేసింది.

ఈనెమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇల్లు తడిసిందని కాదయ్యా" అంది. "తెలియక కట్టి ఉంటే, ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం. నేను అడిగాను. అడిగితే తూర్పన్నావు."

ఆ మాట అని పుట్టింటికి, మోటబావి వైపు ఎగిరిపోయింది.

నారయ్య ఎవరికీ ముఖం చూపించలేకపోయాడు. సిగ్గుతో తలమీది పసుపు రోజురోజుకీ వెలిసిపోయి మట్టిరంగుకు వచ్చింది. పోయి ఊరపిచ్చుకల గుంపులో కలిసి గింజలు ఏరుకుంటూ తిరిగాడు. "నువ్వు గూళ్లు కట్టే గిజిగాడివి కదూ?" అని ఎవరైనా అడిగితే, "కాదు కాదు, పిచ్చుకనే" అనేవాడు. చిలకల గుంపు అటుగా వస్తే జొన్నచేలో దూరిపోయేవాడు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం, తూర్పు అన్న తన గొంతే తనకు వినిపించేది.

మళ్లీ చెట్లు పూతకొచ్చాయి. గిజిగాళ్లందరూ కొమ్మల మీద హడావుడి పడుతున్నారు. నారయ్య ఒక్క పోగు కూడా తేలేదు. "ఏరా, ఇల్లు కట్టవా?" అంటే, "వాన చూశాక కడతా" అన్నాడు. వాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు.

వానలు రానే వచ్చాయి. నారయ్య తడుచుకుంటూ పోయి పడమటి గాలికే ఎదురు నిలబడ్డాడు.

"గాలయ్యా, పోయిన ఏడు అడగాల్సిన మాట ఇప్పుడు అడుగుతున్నా. నువ్వు తగలని చోటేది?"

"ముందే అడిగితే ముందే చెప్పేవాణ్ణి కదయ్యా!" అన్నాడు గాలి. "గుట్టలూ దిబ్బలూ నావి. పల్లంలో ఉన్న చెట్టు చూసుకో. చెట్టుకు తూర్పు పక్కన ఉండు. మాను నాకు అడ్డం ఉంటే నేను నీ దాకా రాను."

నారయ్య చెట్టు చెట్టుకూ తిరిగి, ఒక్కో దాని తూర్పు కొమ్మ మీద కూచుని, జల్లు ఎక్కడెక్కడ పడుతుందో చూశాడు. చివరికి అతనికి కుదిరిన చోటు మోటబావి మీదికి వంగిన తుమ్మ చెట్టు. ఈసారి కట్టకముందే కిందనున్న బావిని పలకరించాడు.

"బావమ్మా, నీ మీద ఇల్లు కట్టుకోవచ్చా?"

"కట్టుకో అయ్యా. ముళ్లు దాటి పిల్లి రాదు, నా మీదుగా పాము రాదు. కానీ ఒక్కటి. రెక్కలు రాని బిడ్డ జారి నాలో పడితే, తిరిగి ఇచ్చే శక్తి నాకు లేదు. ఆ సంగతి కూడా ఈనెమ్మకు చెప్పి మరీ కట్టు" అంది బావి.

నారయ్య అల్లడం మొదలుపెట్టాడు. కప్పు అయింది. కప్పు కింద, కూచోవడానికి అడ్డంగా ఒక కట్టు వేశాడు. చూడటానికి ఆ సగం గూడు బోర్లించిన టోపీలా ఉంది. గోడలు దించబోయి ఆగిపోయాడు.

"అంతా కట్టేశాక ఆమె చూసేదేముంది? మళ్లీ తల ఊపడమే. ఆమె ఇటునుంచి చూస్తే అటు కనపడాలి. నేను దాచడానికి ఇందులో చోటే ఉండకూడదు" అనుకున్నాడు.

కొన్నాళ్లకు ఈనెమ్మ వచ్చి పక్క కొమ్మ మీద వాలింది. ఆమె కళ్లలోకి చూసే ధైర్యం నారయ్యకు లేదు. కప్పు అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడాడు. భయంతో రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి.

"మోదుగవ్వ నాకు ముందే చెప్పింది" అన్నాడు, తల అలాగే కిందికి వేసి. "తెలిసే నీకు తూర్పని చెప్పాను. చిలకలు మెచ్చుకున్న ఇంటిని వదలబుద్ధి కాలేదు. బిడ్డలు నావల్లే పోయారు. ఇక ఈ ఇంటి సంగతి. కింద నీళ్లు లోతు, పిల్ల పడితే దక్కదు. గుమ్మం పెడితే కిందికే పెట్టాలి, పొద్దు గుంకడం ఏమీ కనిపించదు. కొమ్మ సన్నంది, ఊగుతుంది. ఇంతే నాకు తెలిసింది. మిగతాది నువ్వు చూడు."

ఈనెమ్మ గూట్లోకి వచ్చింది. అడ్డకట్టు మీద కూచుంది. పోగులు ఒక్కొక్కటీ లాగి చూసింది. ఆకాశం వైపు చూసి, అక్కడే కూచుండిపోయింది. వాన కోసం! వాన వచ్చింది. సన్నటి తుంపర ఒకటి ఆమె రెక్క మీద పడింది.

"ఇక్కడ జల్లు పడుతోంది" అని ఎగిరిపోయింది.

నారయ్య వెంటపడలేదు. "ఆ ఒక్క తుంపరకేనా?" అనలేదు. ఆ గూటిని అలాగే వదిలేసి, ఇంకా తూర్పున ఉన్న కొమ్మ మీద మళ్లీ మొదటి ముడి వేశాడు. మళ్లీ కప్పు, మళ్లీ అడ్డకట్టు, మళ్లీ అక్కడే ఆగాడు.

ఈసారి ఈనెమ్మ జోరు వానలోనే వచ్చింది. లోపల కూచుంది. చుట్టూ వాన కురుస్తోంది, ఆమె మీద చుక్క పడలేదు. చాలాసేపు కూచుంది.

"ఇక గోడలు దించు" అంది చివరికి.

ఆమె క్షమించానని అనలేదు. ఆ మాట అడిగే ముఖం నారయ్యకూ లేదు. గబగబా వెళ్లి పచ్చటి పోగు తెచ్చాడు.

అప్పటినుంచే గిజిగాడు చెట్లు పూసినప్పుడు కాక, వానలు దిగాక ఇల్లు కడుతున్నాడు. అప్పటినుంచే సగం కట్టి ఆగి, ఆమె వచ్చి చూసేదాకా తల కిందికి వేసి, రెక్కలు కొట్టుకుంటూ వేలాడుతున్నాడు. మీ బావి దగ్గర ఎప్పుడైనా తుమ్మకొమ్మకు గోడలూ అడుగూ లేని గూళ్లు కనిపిస్తే, అవి గాలికి చిరిగిపోయాయనుకోకండి. అవి ఆమె వద్దన్న ఇళ్లు. ఆమె వద్దంది, అతను మారుమాట్లాడలేదు.